అమ్మాయి ఊళ్ళో లేదండీ

పోయినవారం పుష్పలతని రాజోలు బస్టాండు ఎదురుగా, చెవికి ఫోను ఆనించుకుని ఉండగా, నడిరోడ్డు మీద వదిలేశాం. ఈ వారమంతా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉందనుకునేరు, లేదు. ఫోను పెట్టేసింది, ఆటో ఎక్కింది, ఇంటికొస్తోంది. ఆమె కేసు చూస్తున్న లాయరు సుధీర్ ఫోనులో చెప్పిన మాట మాత్రం చెవిలోంచి దిగలేదు.

"వాళ్ళు రాలేదని కదా మనం వాదిస్తున్నాం? వచ్చేరంట లతా. ఆ రోజు పొద్దున్నే వచ్చి మీ వరండాలో గంటసేపు కూర్చున్నారంట. నువ్వు ఊళ్ళో లేవని మీ ఇంట్లో మనిషే చెప్పేరంట."

వాళ్ళంటే డోపు పరీక్షల వాళ్ళు, ఆటగాళ్ళు నిషేధించిన మందులు వాడుతున్నారేమోనని చూసేవాళ్ళు. దేశం తరఫున పరిగెత్తే అమ్మాయి ఎవరైనా సరే, రోజులో ఒక గంట ఫలానా చోట ఉంటానని ముందే ఫోనులో నమోదు చేసి ఉంచాలి. ఆ గంటలో వాళ్ళు చెప్పాపెట్టకుండా వస్తారు. మనిషి కనబడకపోతే ఒక తప్పు రాసుకుంటారు. ఏడాదిలో మూడు తప్పులైతే, ఒంట్లో చుక్క మందు లేకపోయినా, రెండేళ్ళు పరుగు బంద్. మొదటి తప్పు పుష్పలతదే. క్యాంపు మారినప్పుడు చిరునామా మార్చడం మర్చిపోయింది. రెండోదీ ఆమెదే. స్నేహితురాలి పెళ్ళికని వెళ్ళి అమలాపురంలో ఉండిపోయింది. ఆ రెండూ ఒప్పుకుంది. మూడోది మాత్రం చచ్చినా ఒప్పుకోనంది. ఎందుకంటే ఆ పొద్దున్న ఆమె ఇంట్లోనే, తన గదిలో, తన మంచం మీద నిద్రపోతోంది.

వంద మీటర్లలో దేశానికి ఛాంపియన్. వయసు ఇరవై ఏడు. ఈ వయసులో రెండేళ్ళు ఆగడమంటే ఇంక ఆ స్పైకు బూట్లు ఏ పక్కింటి పిల్లకో ఇచ్చేయడమే. ఆసియా పోటీలకి జట్టుని ఈ నెలలోనే ప్రకటిస్తారు. విచారణ రేపే, ఇంట్లోంచే, వీడియోలో.

ఆటో కాలవగట్టు ఎక్కింది. ఆమె కాళ్ళకి పరుగు నేర్పిన గట్టు అది. ఈ కోనసీమ మొత్తంలో ఒక్క సింథటిక్ ట్రాకు లేదు, ఒక్క జిమ్ములో సరైన బరువులు లేవు, అయినా నెట్టుకొచ్చింది. కొబ్బరితోటల మధ్య దారుల్లో, అంతర్వేది ఇసుకలో, వానాకాలం బళ్ళో వరండాలో పరిగెత్తి ఛాంపియన్ అయింది. ఇవేవీ ఆపలేని పరుగుని ఎవరో నోటిమాటతో ఆపేశారు. ఎవరు? పాలు పోసే ఆదిలక్ష్మి అయ్యుండాలి. పొద్దున్నే గుమ్మంలో ఉండేది ఆమే. పైగా అడిగినవాడికీ అడగనివాడికీ ఊరి సంగతులన్నీ చెప్పే మనిషి. దిగగానే ముందు ఆదిలక్ష్మి ఇంటికెళ్ళి కడిగేయాలనుకుంది పుష్పలత.

ఇంట్లో నాన్న కూడా ఉన్నారని ఆమెకి తోచనేలేదు. తోచదు. మాణిక్యాలరావు మాస్టారు అబద్ధమాడతారని ఆ ఊళ్ళో ఎవరికీ తోచదు.

మాస్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన దగ్గర నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని మస్కట్‌లో, కువైట్‌లో నర్సులైన ఆడపిల్లలు ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోను చేస్తారు. సంఘంలో పెద్ద. చర్చిలో ఆదివారం వాక్యం చదివితే వెనక బెంచీ వరకూ ఖంగున వినబడాలి. రిటైరయినా తెల్లచొక్కా ఇస్త్రీ నలగదు, జేబులో పెన్ను తప్పదు. ఇంగ్లీషు పేపరు చదువుతూ అందులో తప్పులు దిద్దుతారు. ఆ దిద్దిన పేపరు ఎవరికీ పంపరు, ఊరికే దిద్దుతారు.

ఇప్పుడూ వరండాలో కూర్చుని అదే పని చేస్తున్నారు.

"నాన్నా" అంది పుష్పలత గేటు వెయ్యకుండానే. "అమలాపురంలో నాకు సన్మానం జరిగింది కదా, ఆ మర్నాడు పొద్దున్నే మనింటికి ఎవరైనా వచ్చేరా? నాకు చెప్పకుండా ఆదిలక్ష్మిగానీ ఎవరితోనైనా మాట్లాడిందా?"

మాస్టారి మొహం వెలిగిపోయింది.

"ఆదిలక్ష్మి కాదమ్మా, నేనే మాట్లాడేను. తెల్లకారులో ఒకాయనా ఒకావిడా వచ్చేరు. ఉత్తరాదివాళ్ళు. ఎంత మంచి మనుషులనుకున్నావు! ఆయన ఇంగ్లీషు వింటే ముచ్చటేసింది. మన వైపు అలా మాట్లాడేవాళ్ళు ఇప్పుడెవరున్నారు? గంటసేపు కూర్చున్నారు. నాకు టైమే తెలీలేదు."

పుష్పలత స్తంభం పట్టుకుంది.

"ఏం మాట్లాడేవు?"

"నువ్వున్నావా అన్నారు. ఊళ్ళో లేదండీ అన్నాను. ఎప్పుడొస్తుందన్నారు. చెప్పలేమండీ అన్నాను. అయితే కాసేపు కూర్చుంటామన్నారు. కూర్చోండీ, ఇల్లు మీదే అన్నాను. మీ అమ్మ కాఫీ ఇచ్చింది. నీ చిన్నప్పటి సంగతులు చెప్పేను. పాపం ఆవిడ కాఫీ కూడా తాగలేదు, మొహమాటపడింది. వెళ్ళేప్పుడు ఆత్రేయపురం పూతరేకులు పొట్లం కట్టిస్తే, వద్దు వద్దు, మేం తీసుకోకూడదన్నారు. ఎంత పద్ధతైన మనుషులో!"

"ఎవరని అడిగేవా?"

"ఆయన కార్డు చూపించబోయేడు. నా కళ్ళజోడు లోపలుంది. ఇంటికొచ్చిన మనిషి ముందు కళ్ళజోడు తెప్పించుకుని మరీ కార్డు చదివితే బాగుంటుందా? అనుమానించినట్టు ఉండదూ? అక్కర్లేదండీ, కూర్చోండీ అన్నాను."

ఆ మాటతో పుష్పలతకి ఒళ్ళంతా భగ్గుమంది. మర్యాద! ఈ గోదావరి మర్యాద మండిపోనూ. ఎదటి మనిషి కార్డు చదివితే చిన్నబుచ్చుకుంటాడట. కూతురి బతుకు ఏమైపోయినా ఫర్వాలేదు, వచ్చినవాడి మనసు మాత్రం నొచ్చుకోకూడదు. అవతల గదిలో తను పడుకుని ఉంది. మధ్యన ఒక్క గోడ. ఆ గోడకి ఇటువైపు ఈయన ఇంగ్లీషులో కూతురి చిన్నప్పటి ముచ్చట్లు చెబుతూ, గంట గడిచేదాకా వాళ్ళని పదిలంగా కూర్చోబెట్టి, సాగనంపి వచ్చాడు.

"వాళ్ళు డోపు పరీక్ష వాళ్ళు నాన్నా!" అని అరిచింది. "నా కోసం వచ్చేరు. నేను లోపలే ఉన్నాను. మూడో తప్పు పడింది. మూడో తప్పంటే ఏంటో తెలుసా నీకు? నేనింక పరిగెత్తను. అంతే. అయిపోయింది. పన్నెండేళ్ళ వయసు నుంచీ పరిగెత్తిందంతా నువ్వు కాఫీ ఇచ్చి సాగనంపేసేవు!"

మాస్టారి చేతిలో పేపరు కిందికి జారింది. బళ్ళో పిల్లలు తప్పు చేస్తే ఆయన ముందు ఎలా నిలబడేవారో అలా కూతురి ముందు లేచి నిలబడ్డారు.

"ఎవరికి చెప్పుకోను నేను?" పుష్పలత ఆగలేదు. "ఫెడరేషన్ వాళ్ళు మోసం చేశారంటే కొట్లాడతాను. నా బదులు ఇంకో పిల్లని జట్టులో వేశారంటే కోర్టుకెక్కుతాను. సొంత నాన్నే నేను ఊళ్ళో లేనని చెప్తే ఎవరి మీద కొట్లాడను? నలభై ఏళ్ళు పిల్లలకి నిజం చెప్పండని బెత్తం పట్టుకుని చెప్పినవాడివి, నోటికొచ్చిన అబద్ధం ఎలా ఆడేవు? ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

మాస్టారు తల ఎత్తలేదు. "పొరపాటేనమ్మా" అన్నారు.

"మీరు ఊరుకోండి."

ఆ మాట అన్నది రత్నం. మాస్టారి భార్య, పుష్పలత తల్లి. మొగుడి మాటకి ఎదురుచెప్పడం ఆవిడకి అలవాటు లేదు. చేతికున్న బియ్యప్పిండి కూడా తుడుచుకోకుండా గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు చెప్పమన్నారని అడుగుతున్నావు కదా? ఆయన చెప్పరు, నేను చెప్తాను. నువ్వే చెప్పమన్నావు."

"నేనా!"

"ఆ సన్మానం నుంచి వచ్చి, కాలికి ఐసు పెట్టుకుంటా ఏమన్నావో గుర్తు తెచ్చుకో. 'నాన్నా, రేపు దేవుడొచ్చినా సరే, నేను ఊళ్ళో లేనని చెప్పెయ్' అన్నావు. దేవుడి పేరెత్తకే అని నేను కసురుకున్నాను కూడా. ఆయన రాత్రంతా దొర్లేరు. 'అలా ఎలా చెప్తానే, నోరెలా వస్తుంది' అంటారు. 'పిల్ల కాలు నొప్పెట్టి ఏడుస్తోంది, ఒక్కరోజు చెప్పలేరా' అని నేనే అన్నాను. చెప్పేరు. జన్మలో మొదటిసారి. అదీ నీకోసం."

పుష్పలత వెళ్ళి, ఇందాక వెయ్యని గేటు వేసి వచ్చింది.

అన్నది. అక్షరం పొల్లుపోకుండా అన్నది. ఎందుకన్నదో కూడా గుర్తొచ్చింది. నేషనల్స్‌లో బంగారు పతకం వచ్చిన దగ్గర్నుంచీ ఆమె కాలు భూమ్మీద ఆననివ్వలేదు జనం. ఒకరు చీరలకొట్టు తెరవాలంటారు, ఒకరు క్రికెట్ టోర్నమెంటుకి టాస్ వేయాలంటారు, మురమళ్ళలో ఎవరో పుట్టినరోజు పండగకి ముఖ్య అతిథిగా రమ్మంటారు. ఎవరికీ రానని చెప్పడానికి వీల్లేదు. రానంటే, పైకొచ్చాక పొగరెక్కిందంటారు. స్టేజీ మీద గంటలు గంటలు నిలబడి, మెడలో దండలు మోసి, ఫోటోలకి నవ్వి నవ్వి దవడలు పట్టేసేవి. ప్రాక్టీసు పోయేది. ఇరవై ఏళ్ళప్పుడు బూట్లు కొనుక్కోవడానికి సాయమడిగితే తలుపెయ్యని ఇల్లు లేదు. ఇప్పుడదే జనం తలుపు తట్టడం ఆపరు. ఆ విసుగులో అంది ఆ మాట. తప్పా?

తప్పే. ఆ మాట అన్న రాత్రి ఆమెకి రేపటి గంట గుర్తుకు రాలేదు. ఒక్క నిమిషం గుర్తొచ్చి, 'ఫలానా వాళ్ళొస్తే మాత్రం లేపు నాన్నా' అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఆటోలో వస్తూ ఎవరిని కడిగేయాలనుకుందో ఆ మనిషి ఆమే. ఆ సంగతి తెలిసినందుకు కోపం చల్లారలేదు సరికదా ఇంకా రెచ్చిపోయింది. మీద పడి అరవడానికి ఎవరూ మిగలకపోతే మనిషికి అంతకంటే కసి ఇంకోటి ఉండదు.

సాయంత్రం సుధీర్ వచ్చాడు. రత్నం అన్నగారి కొడుకు, రాజమండ్రిలో లాయరు. ఫీజు మాట ఎత్తకుండా ఈ కేసు నెత్తిన వేసుకున్నాడు. బైకు దిగి, లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, జరిగిందంతా విన్నాడు. వింటున్నంతసేపూ నుదురు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఇదిగో, విను లతా. రూలు ఒక్కటే. నీ వైపు నుంచి నిర్లక్ష్యం రవ్వంత కూడా లేదని తేలితేనే ఈ తప్పు కొట్టేస్తారు. నువ్వు ఇంట్లోనే ఉన్నావు, మామయ్య తనంతట తను పొరపాటు పడ్డాడు అంటే మనం బతుకుతాం. లేనని చెప్పమన్నది నువ్వేనని తెలిసిందా, అంతా నీ మీదే. రెండేళ్ళు. అప్పీలు కూడా నిలబడదు."

"మరి పొరపాటెలా పడ్డారంటాం?" అంది రత్నం.

సుధీర్ మాస్టారి వంక చూడలేదు. లాప్‌టాప్ వైపు చూస్తూ అన్నాడు. "మామయ్యకి ఇంగ్లీషు రాదంటాం, అత్తయ్యా. వాళ్ళు ఇంగ్లీషులో ఏదో అడిగేరు, ఈయనకి అర్థం కాలేదు, తోచింది చెప్పేరు. పల్లెటూరి పెద్దాయన, చదువు లేదు. అంతే."

"ఆ వచ్చినాయనకి తెలుసు కదా" అంది పుష్పలత. "గంటసేపు మాట్లాడుకున్నారు."

"ఆయన రేపు రావట్లేదు. రాసిచ్చిందే చూస్తారు. ఏ భాషలో మాట్లాడుకున్నారో అందులో లేదు, నేను చూసేను."

పుష్పలత తండ్రి వైపు తిరిగింది. ఆయన కాదంటారని ఎదురుచూసింది. నిజం చెప్పాలంటే, కాదంటే బాగుండునని కోరుకుంది. ఆయన కాదంటే తను కాదనక్కర్లేదు. నేను బైబిలు పట్టుకునే మనిషిని, ఇదంతా నావల్ల కాదు అని ఆయన అనేస్తే, ఇంక ఎవరి మీదో విసుక్కుంటూ ఓడిపోవచ్చు.

"అలాగే బాబూ" అన్నారు మాస్టారు. "రాదనే చెప్తాను. దానిదేముంది?"

"నువ్వేమంటావు లతా?" అన్నాడు సుధీర్.

పుష్పలత లేచి లోపలికి వెళ్ళిపోయింది. సరేనని ఒక్క మాట నోటితో చెప్పలేదు కదా అని తనని తను సముదాయించుకుంది. చెప్పకపోయినా సరేనన్నట్టేనని ఆమెకి తెలుసు.

మర్నాడు పొద్దున్న ముందుగదిని సుధీర్ నాటకం స్టేజీలా సర్దాడు. గోడ మీద మాస్టారికి కలెక్టరు ఉత్తమ ఉపాధ్యాయుడని ఇచ్చిన షీల్డు కెమెరాలో పడుతుందని తీయించాడు. పుస్తకాల బీరువాకి దుప్పటి కప్పించాడు. తర్వాత మాస్టారిని చూసి తల గోక్కున్నాడు.

"చొక్కా వద్దు మామయ్యా. బనీను మీద తువ్వాలు చాలు."

మాస్టారు చొక్కా విప్పారు. జేబులో పెన్ను తీసి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేత్తో పట్టుకుని, రత్నానికి ఇచ్చారు. ఇంటికి ఎవరొచ్చినా చొక్కా లేకుండా ఎదురుపడని మనిషి, బనీనుతో కుర్చీలో ఒద్దికగా కూర్చున్నారు. పుష్పలత పక్క కుర్చీలో కూర్చుని తెర వంకే చూసింది. పక్కకి చూడాలంటే ఆమెకి ధైర్యం చాలలేదు.

తెర మీద ముగ్గురు పెద్దలు. నడిమి ఆయన రిటైర్డు జడ్జి, ఛైర్మన్. అటొక డాక్టరు, ఇటొక పాతకాలపు క్రీడాకారిణి. మాటలన్నీ ఇంగ్లీషులో. సుధీర్ ప్రతి ప్రశ్ననీ తెలుగులో చెబుతాడు, మాస్టారు తెలుగులో జవాబిస్తారు, దాన్ని సుధీర్ మళ్ళీ ఇంగ్లీషులో చెబుతాడు.

"మీ ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరో మీకు తెలుసా?" అన్నారు ఛైర్మన్.

మాస్టారికి ప్రశ్న అర్థమైపోయింది. పెదవి కదిలింది. సుధీర్ దగ్గాడు. మాస్టారు ఆగి, వెర్రి చూపు చూస్తూ, సుధీర్ తెలుగులో చెప్పేదాకా వేచి ఉన్నారు.

"తెలీదండీ."

"వాళ్ళు ఏం చెప్పారో అర్థమైందా?"

ఆగడం. తెలుగు. "లేదండీ. పెద్దపెద్దోళ్ళు మాట్లాడే మాటలు మాకేం తెలుస్తాయండీ."

మాకు! ఆయన నోట ఎప్పుడూ వినని యాస అది. ఎక్కడ నేర్చుకున్నారో కూడా పుష్పలతకి తెలుసు. తన తాత, అంటే మాస్టారి తండ్రి, అలా మాట్లాడేవాడట, రైతుల ఎదుట. రాత్రంతా కూర్చుని చనిపోయిన తండ్రి గొంతు తెచ్చుకున్నట్టున్నారు మాస్టారు.

"అమ్మాయి లేదని చెప్పమని మీకు ఎవరైనా చెప్పారా?"

సుధీర్ తెలుగులో చెప్పడం పూర్తి కాకుండానే మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"ఎవరూ చెప్పలేదండీ. నాకు తోచింది చెప్పేనండీ. నాదే తెలివితక్కువతనం అండీ."

ఛైర్మన్ ఏదో రాసుకున్నారు. డాక్టరు ఛైర్మన్‌తో అన్నాడు, దీన్ని తర్జుమా చేయనక్కర్లేదని ముందే చెప్పి మరీ అన్నాడు. "పాపం, వట్టి అమాయకుడు. అక్షరం ముక్క రాని ఇంట్లో పుట్టి ఆ అమ్మాయి ఇంతదూరం రావడమే ఆశ్చర్యం. ఇలాంటివాళ్ళని నిబంధనలు తెలియలేదని శిక్షించి ఏం లాభం?"

జాలిగానే అన్నాడు. కేసు గెలిచినట్టేనని సుధీర్ కళ్ళల్లో తెలిసిపోయింది. మాస్టారు ఏమీ అర్థం కానట్టు, చేతులు కట్టుకుని, ఆ డాక్టరు వైపు చూసి వినయంగా నవ్వారు. కూతుర్ని గెలిపించిన నవ్వు అది. దాన్ని చూడలేక పుష్పలత తల తిప్పుకుంది. పరుగు పందెంలో ఎన్నిసార్లు ఓడిపోలేదు? ఎప్పుడూ ఇంత సిగ్గుగా అనిపించలేదు.

"ఒక్క పని మిగిలింది" అన్నారు ఛైర్మన్. "సాక్షి చెప్పిందంతా కాగితం మీద పెట్టి ఈ సాయంత్రంలోగా పంపించండి. ఆయన సంతకం పెట్టగలరా, వేలిముద్ర వేయిస్తారా?"

సుధీర్ ఆ ప్రశ్నని తెలుగులో అడిగాడు.

మాస్టారు కుడిచేతి బొటనవేలి వంక చూసుకున్నారు.

"ఆయ్, వేలిముద్రేనండీ" అన్నారు.

పుష్పలత తాత ఒక రైతు దగ్గర పాలేరు. ఆయన వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏముందో చచ్చేదాకా ఆయనకి తెలీదు. కొడుకు మాత్రం కాగితం చదివి సంతకం పెట్టాలని, తిండికి లేని రోజుల్లో మిషను బళ్ళో వేశాడు. ఆ కొడుకు సంతకంతో రాజోలు తాలూకాలో ఎన్ని వందల మంది పిల్లలు టీసీలు పట్టుకుని పై చదువులకి పోయారో లెక్కలేదు. ఆ సంతకం ఇప్పుడు కూతురి కోసం మళ్ళీ వేలిముద్ర కాబోతోంది.

పుష్పలత లేచి నిలబడింది. లేస్తానని ఆమె అనుకోలేదు. కుర్చీ వెనక్కి పడింది.

"కాదండీ" అంది. తర్వాత ఇంగ్లీషులో, తండ్రి దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో చెప్పింది. "మా ఇంట్లో వేలిముద్ర మా తాతతోనే ఆగిపోయిందండీ. ఈయన హెడ్మాస్టరు. మీరన్న ప్రతి మాటా ఈయనకి అర్థమైంది, డాక్టరుగారన్న మాటతో సహా. ఆ రోజు నేను లేనని చెప్పమన్నది నేను. ఎవరొచ్చినా సరే లేనని చెప్పమన్నాను. ఈయన ఒద్దంటే కూడా చెప్పించాను. తప్పు నాది."

సుధీర్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. గుమ్మంలో రత్నం, చేతిలో పెన్నుతో, కొయ్యబారిపోయింది.

ఛైర్మన్ ముందుకి వంగి, సుధీర్‌ని కాదని, తిన్నగా మాస్టారిని చూశారు. ఇంగ్లీషులో, నెమ్మదిగా అడిగారు.

"అయ్యా, మీ అమ్మాయి చెబుతున్నది నిజమేనా?"

మాస్టారు కంగారుగా లేచారు. కూతురి జీవితం కళ్ళముందే జారిపోతోంది. ఆపాలి. సుధీర్ కోసం ఆగాలన్న సంగతే ఆయనకి గుర్తులేదు. చేతులు జోడించి, బళ్ళో పాఠం చెప్పినట్టు, ఒక్క అక్షరం తప్పు పోకుండా, స్వచ్ఛమైన ఇంగ్లీషులో అన్నారు.

"అయ్యా, దయచేసి ఆమె మాట నమ్మకండి. బిడ్డ ఆవేదనలో ఉంది, నన్ను కాపాడాలని చూస్తోంది. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా రాదు."

ఆ మాట పూర్తయ్యాక గాని ఏ భాషలో అన్నారో ఆయనకి తెలియలేదు. తెలిసి, జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. పుష్పలత ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఛైర్మన్ కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవరూ లైను వదిలి వెళ్ళొద్దు" అన్నారు. "ఆ రోజు వీళ్ళ వరండాలో గంటసేపు కూర్చున్న ఆఫీసరు ఎక్కడున్నా సరే, ఇప్పుడే ఫోను కలపండి."